పాలు పొంగిన ఫొటో

"మూడోసారి పాలు పొంగిపోయాయి! ఆ కెమెరా పిల్లకి కొన్నాను, నీకు కాదు. రేపే మా తమ్ముడికి ఇచ్చేస్తా," భర్త కసిరాడు.

"పిల్ల ఆర్నెల్లుగా దాని మొహమే చూడలేదు," తల ఎత్తకుండా స్టవ్ తుడుస్తూనే అందామె.

"ఇంతకీ పాలు పోయేంతగా ఏం తీశావే?" అత్తగారు కెమెరా లాక్కుంది.

తెర మీద, పక్కింటావిడ మాటకి పళ్లులేని నోరంతా తెరిచి నవ్వుతోంది అత్తగారే.

ఆవిడ చాలాసేపు కెమెరా దించలేదు. "ఏ స్టూడియోకెళ్లినా నోరు మూసుకోమనేవాళ్లే. నేనిలా నవ్వుతానా?"

"రోజూ నవ్వుతారత్తయ్యా."

తడిగుడ్డ భర్త చేతిలో పెట్టి, ఆమె హాల్లో ఉన్న కూతురికి కూడా వినబడేలా చెప్పింది. "కెమెరా ఎక్కడికీ వెళ్లదు. సోమవారం నుంచి సాయంత్రాలు నేను ఫొటోగ్రఫీ క్లాసుకి వెళ్తున్నాను. పాలు మీరు చూసుకోండి."