కిటికీ దాకా నడక

చేతికర్ర జారి నేలమీద పడింది.

గొరెట్టి వంగబోయి ఆగిపోయింది. తుంటి ఆపరేషను జరిగి ఒక్కరోజే అయింది. వంగకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఎదురు కుర్చీలోని ముసలాయన తన కర్ర వంపుతో దాన్ని దగ్గరికి లాగి, పైకెత్తి ఆమె చేతికందించాడు.

"ఏ ఊరమ్మా?"

"స్ట్రబాన్."

"నాది ప్లమ్‌బ్రిడ్జ్. చూశావా, పక్కపక్క ఊళ్లలో ముసలాళ్లమైపోయి, చివరికి లిథువేనియాలో కలుసుకున్నాం!"

గొరెట్టి నవ్వలేదు.

ఇంటి దగ్గర ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషను కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ఆమె పేరు చేరి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మెట్లెక్కలేక కింద గదిలో సోఫామీదే పడుకునేది. చర్చికి వెళ్లడం మానేసింది. చెల్లెలు పోతే, సమాధి దాకా నడవలేక కారులోనే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రమే నిర్ణయించుకుంది. భర్త మిగిల్చిన పొలం చెక్క అమ్మేసి, ఒంటరిగా విమానమెక్కి ఈ కౌనస్ ఆసుపత్రికి వచ్చింది.

"లే తల్లీ, ఆ కిటికీ దాకా నడుద్దాం."

"నర్సు వస్తుందిలే."

"నర్సుకి ఇరవైమంది ఉన్నారు. నాకు నువ్వొక్కదానివే. లే, లే."

ఆయన పేరు యూనన్. ప్లమ్‌బ్రిడ్జ్ కొండల్లో నలభై ఏళ్లు పోస్ట్‌మేన్‌గా చేశాడు.

"ఊళ్లో అందరి ఉత్తరాలూ నేనే ఇచ్చాను. ఆపరేషనుకి రమ్మనే నా ఆసుపత్రి ఉత్తరం మాత్రం ఏడేళ్లయినా ఎవడూ తేలేదు. నా తర్వాత వచ్చినవాడు ఒట్టి బద్ధకస్తుడు," అనేవాడు.

ఆ నడవాలో సగంమంది అలాంటివాళ్లే, వాళ్ల చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఓమా నుంచి ఒక టీచరు. డెర్రీ నుంచి ఒక లారీ డ్రైవరు. అందరికీ అదే జాబితా, అవే ఏళ్లు.

యూనన్ కర్ర పొడుచుకుంటూ ఒక్కొక్కరి పక్కనా నడిచేవాడు. అడుగులు పైకి లెక్కపెట్టేవాడు.

"ముందు కర్రలు. తర్వాత కోసిన కాలు. తర్వాత మంచి కాలు. వెనక కుక్క తరుముతోందనుకో, అదే వస్తుంది నడక. కావాలంటే చెప్పు, ముప్ఫై ఏడు కుక్కల పేర్లు తెలుసు నాకు."

లారీ డ్రైవరు నొప్పితో ఏడుస్తూనే నవ్వేవాడు.

గొరెట్టికి మాత్రం అనుమానంగా ఉండేది. ఇంత సాయం ఊరికే ఎవరు చేస్తారు?

ఒకరోజు అడిగేసింది.

"ఏమయ్యా, జనాన్ని ఇక్కడికి పట్టుకొస్తున్నందుకు ఆసుపత్రివాళ్లు నీకేమైనా ముట్టజెబుతారా?"

టీచరు తల తిప్పి చూసింది.

"ఎందుకివ్వరూ? రోజూ గిన్నెడు బీట్‌రూట్ సూప్," అన్నాడు యూనన్.

"మరి నీకెప్పుడు చేశారు?"

"నా పనా? వచ్చిన సోమవారమే అయిపోయిందమ్మా."

"నాకంటే ముందు చేయించుకుని, నాకంటే ఎక్కువ కుంటుతున్నావు. ముందు నీ నడక సంగతి చూసుకో. నాకు తర్వాత నేర్పుదువుగాని."



యూనన్ గోడకి చెయ్యి ఆనించి కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"నిజమేలే," అన్నాడు. "ఇంకెంత, ఎనిమిదడుగులు. వచ్చేశాం."

ఆ ఎనిమిదడుగులూ గొరెట్టి ఆయన మొహం చూడకుండా నడిచింది. కిటికీ బయట చూడ్డానికేమీ లేదు. తడిసిన కార్లు, ఆకుల్లేని చెట్లు.

రెండో శనివారం అందరూ ఒకే విమానంలో తిరిగొచ్చారు.

"మా అమ్మాయి కారు తెచ్చింది. నిన్ను ఇంటి దగ్గర దింపుతాం, రా," అన్నాడు యూనన్, చక్రాల కుర్చీలోంచి.

"నాకు టాక్సీ ఉంది," అంది గొరెట్టి. వెనక్కి తిరిగి చూడలేదు.

నెలన్నరకి మేడమెట్లెక్కి తన మంచం మీద తను పడుకుంది. మూడు నెలలకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చెల్లెలి సమాధి దాకా నడిచింది. తడిగడ్డిలో అడుగు తడబడినప్పుడు, తనకి తెలియకుండానే పైకి లెక్కపెట్టుకుంది.

ఆ లెక్క ఎవరిదో గుర్తొచ్చి సిగ్గుపడింది.

వెళ్లి ఒక మంచిమాట చెప్పి రావాలనుకుంది. ఈ ఆదివారం వాన. వచ్చే ఆదివారం పడిశం. మరో ఆదివారం ఏ కారణమూ లేదు, ఊరికే ఆగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, రోజూలాగే, ఊరి రేడియోలో ఆ చుట్టుపక్కల పోయినవాళ్ల పేర్లు చదువుతున్నారు. ప్లమ్‌బ్రిడ్జ్ పోస్ట్‌మేన్ యూనన్ పేరు వినిపించింది.

మధ్యాహ్నానికి ఆయన ఇంటికి చేరింది. వాకిలి బయటిదాకా జనం. ముందుగదిలో శవపేటికలో యూనన్ పడుకుని ఉన్నాడు. వేళ్లకి జపమాల చుట్టి ఉంది.

గొరెట్టి ఆ చల్లని చేతిమీద చెయ్యి వేసింది.

ఆయన కూతురు బ్రోనా టీ తెచ్చిచ్చింది.

"మీరు నాన్నకెలా తెలుసమ్మా?"

"కౌనస్‌లో ఒకే ఆసుపత్రిలో ఉన్నాం. ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషనైంది. తర్వాతైనా... నొప్పి లేకుండా కొన్నాళ్లు నడిచాడా తల్లీ?"

బ్రోనా ఆమెవంక వింతగా చూసింది.

"ఆపరేషనెక్కడమ్మా? వెళ్లిన రోజే పరీక్షలు చేసి, గుండె తట్టుకోదు, నాలుగేళ్ల కిందట వచ్చుంటే చేసేవాళ్లం అని చెప్పేశారు. టికెట్టు మార్చుకుని వచ్చెయ్యి నాన్నా అని ఫోన్లో ఏడ్చాను. మనవాళ్లు కొంతమంది తోడు లేకుండా వచ్చారు, వాళ్లు నడిచేదాకా ఉండి వస్తానన్నాడు."