మిగిలిన ముక్క

ఐదోసారి నొక్కినా తెర మీద అదే మాట: ‘పేజీ దొరకలేదు.’

గడియారాలాయన మెడ మీద చెమట తుడుచుకుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల బావమరిది. గడియారాల మరమ్మతు మీద ఈ వెబ్‌సైటుని నాలుగేళ్ళ కిందట తయారుచేసి ఇచ్చింది అతనే.

“కంగారుపడకు బావా. సైటు ఉంచిన కంపెనీ వాళ్ళ మెషీన్లు కాలిపోయాయట. వాళ్ళ దగ్గర కాపీ లేదంటున్నారు. మనకు బ్యాకప్ ఉందిగా! గంటలో మళ్ళీ నిలబెట్టేస్తాను.”

“ఏ బ్యాకప్?”

“వారం వారం నీ కంప్యూటర్లోకి చేరేలా పెట్టానుగా. ‘కాపీలు’ అని పసుపు ఫోల్డరు.”

గడియారాలాయన కుర్చీ అంచుకి జరిగాడు. “అదా... మొన్న తీసేశాను.”

“తీసేశావా! ఎందుకు?”

“అన్నీ సైట్లో ఉన్నాయి కదా. మళ్ళీ అవే ఇక్కడెందుకు, మిగులు అనుకున్నాను.”

“చెత్తబుట్టలో ఉంటుంది, చూడు.”

“అదీ ఖాళీ చేశాను.”

“సాయంత్రం వస్తాను బావా. ఆశ మాత్రం పెట్టుకోకు.”

ముప్పై ఆరేళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. ఆ పనిలో ఆయనకు ఒకటే సూత్రం. మూత బిగించాక బల్ల మీద ఒక్క ముక్క కూడా మిగలకూడదు. మిగిలిందంటే పని తప్పినట్టే. దుకాణం వదిలినా ఆ సూత్రం ఆయన్ని వదల్లేదు. ఫొటో సైటుకెక్కగానే కెమెరాలోంచి చెరిపేసేవాడు. ఎవరైనా ప్రశ్న పంపితే జవాబు సైట్లో పెట్టి, ఆ మెయిల్‌ని తీసేసేవాడు. కట్టుకున్నావిడ మాత్రం పూర్తిగా ఎడ్డెమంటే తెడ్డెం. తెగిన గుండీలు, ఖాళీ డబ్బాలు, రంగు వెలిసిన రిబ్బన్లు, ఏదీ పారెయ్యదు. పారేయమంటే “ఎప్పటికైనా పనికొస్తుందండీ” అని సొరుగు మూసేస్తుంది.

ఆయన తన చేతులవంక చూసుకున్నాడు. ఈ వణుకు మొదలయ్యాకే దుకాణం మూసేశాడు. నాలుగు వందల పన్నెండు జవాబులు. దుకాణంలో, చెయ్యి నిలకడగా ఉన్న రోజుల్లో తీసిన ఫొటోలు. ఇప్పుడు మళ్ళీ చేద్దామంటే స్క్రూ నిలవని వేళ్ళు, ఏ చక్రం వెనక ఏ స్ప్రింగో జారిపోతున్న జ్ఞాపకం. ఆ సైటు కూడా లేకపోతే తను ఊరికే ఇంట్లో కూర్చున్న ముసలాడు.

“ఏమైందండీ?” భార్య గుమ్మంలోకి వచ్చింది.

“సైటు పోయింది. మొత్తం.”

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అంతలో ఆవిడ చేతిలోని ఫోను టింగుమంది.

“ముందు దాన్ని అవతల పెట్టు! తల పగిలిపోతోంది.”

“కిరాణా కొట్టువాళ్ళండీ,” అంటూ ఆవిడ ఫోనుని వంటింట్లో పెట్టి వచ్చింది. “మీ జవాబులు చదివేవాళ్ళెవరూ దాచుకుని ఉండరా?”

“నీకేం తెలుసు అందులో?”

నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సైటు తెరవమని అడగని మనిషి. ‘మీరూ మీ గడియారాలూ, మధ్యలో నేనెందుకు’ అనేది. హాల్లో గోడగడియారం పదకొండు కొట్టింది. చాలాకాలం మూగపోయిన గడియారం అది. ఈమధ్య ఇల్లు దులిపినప్పుడు కదిలి దానంతటదే నడవడం మొదలుపెట్టినట్టుంది.

అప్పుడు గుర్తొచ్చాడు కొత్త విద్యార్థి.

పేరు చెప్పడు, ‘కొత్త విద్యార్థి’ అని సంతకం పెడతాడు. నాలుగేళ్ళయినా కొత్తే. దుకాణానికి తాళం పడిన వారం గడియారాలాయన గోడవైపు తిరిగి పడుకుని, అన్నం కూడా సరిగా ముట్టలేదు. అప్పుడొచ్చింది అతని మొదటి ప్రశ్న: “చిన్నముల్లూ పెద్దముల్లూ ఒకే చోట పుట్టి వేరువేరుగా ఎలా తిరుగుతాయండీ?” ఇంత తెలివితక్కువ ప్రశ్నా అని విసుక్కుంటూనే లేచి కూర్చుని జవాబు రాశాడు. అప్పట్నుంచి వారానికో ప్రశ్న తప్పలేదు.

“మీ జవాబులన్నీ ఫొటోలతో సహా దాచుకుంటున్నాను” అని ఒకసారి రాశాడు విద్యార్థి. దానికి గడియారాలాయన బుద్ధి చెప్పాడు: “సైట్లో ఉండగా మీ దగ్గరెందుకు? తీసేయండి. మిగులు ఉంచుకోవడం మంచి పనివాడి లక్షణం కాదు.”

ఇప్పుడు ఆ మాట తనకే ఎదురుతిరిగింది. చెప్పిందల్లా చేసే విద్యార్థి. ఇదీ చేసుంటే?

గబగబా మెయిల్ తెరిచాడు. ఖాళీ పెట్టెలో ఒక్కటే ఉత్తరం, కొత్త విద్యార్థిది. నిన్న వచ్చింది, ఇంకా జవాబు రాయలేదు కాబట్టి బతికిపోయింది. ఏ సూత్రం తప్పిందోగాని, బల్ల మీద ఒక్క ముక్క మిగిలింది.

ఒంటివేలితో టైపు చెయ్యసాగాడు. “అయ్యా, నా సైటు పోయింది. మీరు దాచుకున్నవి తీసేయమన్నాను. అది నా బుద్ధితక్కువ. మీరు నా మాట వినకుండా ఉండి ఉంటే బాగుండు. మీరే దిక్కు.”

“అంత మాట ఎందుకండీ,” అంది భార్య, భుజం మీదుగా చదువుతూ.

“నీకు చెప్పినా అర్థం కాదు. ఆ మనిషి నా మాట జవదాటడు. అదే నా భయం.”

వేలు వణికింది. మీట మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఆవిడ ఆయన మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. ఆయన ‘పంపు’ నొక్కాడు.

వంటింట్లో ఫోను టింగుమంది.