దెబ్బ

"పిల్లను ఎవరు కొట్టారు?"

డాక్టర్ స్వర్ణలత ఆ మాట అడగడం ఇది మూడోసారి. తుకారాం ముఖం ఎర్రబడింది. పద్నాలుగేళ్లలో కూతురు నవత మీద అతను ఒక్కసారీ చెయ్యెత్తి ఎరుగడు. పొద్దున మెట్టుగూడలో తమ క్వార్టర్ ముందు స్కూలు ఆటో ఎక్కబోయి పిల్ల కాలు జారింది, అక్కడే కూలబడింది. అప్పుడు పక్కన నిలబడి ఉన్నది తనే. ఆమె స్కూలు బ్యాగు ఇంకా అతని భుజానికే ఉంది.

"అంతమాత్రానికి తొడ ఎముక విరగదండీ. నిజం చెప్పండి."

"బిడ్డ మీద ఒట్టు మేడం. జెర కాలు జారింది, గంతే. కావాలంటే దాన్నే అడుగుండ్రి."

డాక్టర్ లోపలికి వెళ్లి నవతను విడిగా అడిగింది. పిల్ల కూడా అదే చెప్పింది. హమ్మయ్య అనుకున్నాడు తుకారాం. తిరిగొచ్చిన స్వర్ణలత మాత్రం కంప్యూటర్లో ఎక్స్‌రేను మరోసారి చూసింది. తర్వాత, ఆ కాలు ఇదివరకు నొప్పి పెట్టేదా అని మెల్లగా అడిగింది.

రెండు నెలలుగా మోకాలి పైన నొప్పి అంటోందనీ, రాత్రిళ్లు నిద్రపోవడం లేదనీ, ఎదిగే పిల్లలకు మామూలేననుకుని నొప్పి మందు పూస్తున్నామనీ అతను చెప్పాడు. కొంచెం వాపు కూడా ఉంది. ఖోఖోలో తగిలిందనుకున్నారు.

ఆమె కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. ఎముకలో గడ్డలా ఉందట. ప్రమాదం లేనిదైతే చుట్టూ గీత గీసినట్టు అంచు కనపడుతుందట. ఇక్కడ అంచు లేదు. ఎముక పురుగు తిన్నట్టుంది, పక్కకు ముళ్లలా పొడుచుకొచ్చింది. ఎంఆర్ఐ తీసి, చిన్న ముక్క పరీక్షకు పంపితే గాని ఏదీ గట్టిగా చెప్పలేనంది.

"క్యాన్సరా మేడం?"

"కావచ్చు. గట్టి దెబ్బకు విరిగి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. మంచి ఎముక ఊరికే విరగదు. అందుకే అన్నిసార్లు అడిగాను."

తుకారాం తెర వైపు చూశాడు. ఆ నలుపు తెలుపుల్లో అతనికి ఏదీ అర్థం కాలేదు. లోపలి నుంచి నవత "డాడీ" అని పిలిచింది. లేచాడు. మళ్లీ కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"నేనే కొట్టిన మేడం. కట్టెతోని గట్టిగ కొట్టిన. గట్లనే రాయుండ్రి."