పులి మార్చిన గీత

చోడి చేలోకి దిగబోయిన సోములమ్మ కెవ్వున అరిచింది. గెడ్డ ఒడ్డు తడి మన్నులో, దొరసాని వేయించిన కొత్త బాట పొడవునా పెద్దపులి అడుగులు!

ఆ అరుపు విని ఊరి పెద్ద సుక్రు, ఫారెస్టు గార్డు తాతారావు పరుగున వచ్చారు.

"బాబోయ్! నిన్న సాయంత్రం దొరగారూ దొరసానిగారూ ఈ బాట మీదే నడిచెళ్లారు," అన్నాడు తాతారావు, బాట మీదికి రాకుండా దూరంగానే నిలబడి.

"నువ్వూ నడిసి సూడు బాబూ, బాట సర్కారుదే గదా," అంది సోములమ్మ.

తాతారావు కదల్లేదు.

ఆ బాట దొరసాని ఆలోచన. గెడ్డకి రెండు వైపులా కొంత మేర చెట్టు కొట్టకూడదు, పోడు చేయకూడదు, మేకని తోలకూడదు. అప్పుడే ఒడ్డు కోసుకుపోకుండా ఉంటుంది, వాగు నీళ్లు తేటగా ఉంటాయి. చెట్ల నీడన మనుషులు నడవడానికి ఒక బాట. వినడానికి బాగానే ఉంది. కానీ హద్దు గీత సోములమ్మ చేనుకి అవతలగా పోయి, చేను లోపల పడింది. కోత కాగానే చేను వదిలి పొమ్మన్నారు. అది పోతే ఇంట్లో నలుగురికి అంబలి ఉండదు.

ఆ బాట మీద దొరసాని మొగుణ్ని వెంటేసుకుని రోజూ వాహ్యాళికి వచ్చేది. ఆమె చెట్ల పేర్లు అడుగుతూ ముందు నడిస్తే, భారీ మనిషి దొర చెమట తుడుచుకుంటూ సోములమ్మ గట్టు మీద కూలబడేవాడు. తెల్లవాడే గాని, మన్యం కచేరీలో ఏళ్ల తరబడి తగవులు తీర్చినవాడు. ఆయన తెలుగు అక్కడ కొండవాళ్ల నోట విన్నదే.

"సేను బాగా పండినాది," అనేవాడు పాపం, ఊపిరి తీసుకుంటూ.

కబురందగానే దొర గుర్రం మీద వచ్చాడు. పులుల వేటలో పేరున్నవాడు, అడుగుల వంక ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"ఇది పులి తిరిగే తావు. మనుసులు నడవరాదు. ఈ ఒడ్డు వదిలీయండి. గీత పై మలుపు కాడ గీయండి. అక్కడ ఉత్త అడివి, బాట అక్కర్నేదు."

గీత మారింది. చేను బతికింది. సుక్రు పులి పేరు చెప్పి కోడిని కోశాడు.

ఆ సంబరం మూన్నాళ్లయినా నిలవలేదు. దొరసాని స్వయంగా ఒడ్డుకి దిగి, గౌను మడమల పైకి పట్టుకుని, అడుగుల పక్కన గొంతుక్కూర్చుంది. మిషను బడిలో నేర్చుకున్న పుస్తకాల తెలుగు ఆమెది.

"ఇవన్నియు కుడి పాదములే. ఈ పులి ఒంటికాలి మీద గెంతినదా?"

తాతారావు చప్పున సోములమ్మ వైపు వేలు చూపించాడు. "ఇంకెవరు తల్లీ! చేను దక్కింది దీనికే గదా. చెప్పవే, అచ్చులేసిన ఆ పులి పంజా ఎక్కడ దాచేవు?"

"పులి కాలు నాకెక్కడిది బాబూ? మొన్న సుక్రు కోసిన కోడి కాలే నాకు దక్కనేదు," అంది సోములమ్మ. మాట గట్టిగానే ఉంది గాని భయం లేకపోలేదు. మన్యంలో రేగిన తిరుగుబాటు అణగారి రెండేళ్లే అయింది. సర్కారుని మోసం చేశారంటే ఊరంతటినీ కట్టి తీసుకుపోయే రోజులవి.

"పోనీ, ఎవులో ఆటకి సేసినారు," అన్నాడు దొర.

"ఆట కాదు, మోసము! ఈ ఊరివారి పని కాదని తేలిన యెడల గీత మార్చను. తేలకున్న యెడల గీత మరల ఈ చేనులోనికే వచ్చును. మీ కచేరీలో వలెనే తేల్చుడి."

కచేరీలో తేల్చేది పులితోలు. దాని మీద నిలబడి అబద్ధమాడినవాణ్ని అమావాస్య లోగా పులి ఎత్తుకుపోతుందని కొండల్లో నమ్మకం. దెబ్బలకి లొంగనివాళ్లు కూడా ఆ తోలు చూస్తే నిజం కక్కేసేవారు.

తోలు తెప్పించి జీలుగుచెట్టు కింద పరిచారు. ముందు సుక్రు ఎక్కాడు. తర్వాత ఊళ్లో ఒక్కొక్కరే ఎక్కి దిగారు. సోములమ్మ వంతు వచ్చింది. తప్పు చేయకపోయినా తోలు వెంట్రుకలు అరికాలికి తగలగానే ఆమె ఒళ్లు జలదరించింది.

"నాను సెయ్యనేదు. సేసుంటే పులి నన్ను తినీనీ."

"నీవును ఎక్కుము," అంది దొరసాని తాతారావుతో.

"నేను మైదానపోణ్ని తల్లీ, నాకీ నమ్మకాలు..."

"నమ్మకం నేకపోతే భయమేటి బాబూ? బేగి ఎక్కు," అన్నాడు సుక్రు. ఊరంతా నవ్వింది. తాతారావు బూట్లు విప్పి, కళ్లు మూసుకుని ఎక్కి, గబగబా ప్రమాణం చేసి దూకేశాడు.

ఇంక ఎవరూ మిగల్లేదు. దొరసాని అయోమయంగా చుట్టూ చూసింది.

సోములమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఈ పూట నోరు మెదపకపోతే చేను లేదు. "తల్లీ, కోపగించుకోకు. ఈ బాటంట రోజూ తిరిగినోళ్లు ఇంకిద్దరున్నారు."

తాతారావు కర్రెత్తాడు. దొరసాని మాత్రం ఫక్కున నవ్వింది. "న్యాయమే!" అని జోడు విప్పి తోలెక్కి, సోములమ్మ అన్న మాటలే వల్లించి దిగింది. నవ్వు ఆగకుండానే మొగుడికి చెయ్యి చాచింది.

"ఇక మీరు. ఊరికే, వీరి తృప్తి కొరకు."

దొర బూటు విప్పాడు. పాదం ఎత్తాడు. ఆ తోలు ముందు కుర్చీలో కూర్చుని ఎందరి చేత ప్రమాణం చేయించాడో ఆయనకే తెలియదు. ఎత్తిన పాదం గాల్లోనే ఆగింది. మొహం పాలిపోయింది. పాదం వెనక్కి తీసుకుని, టోపీ తీసి, పెళ్లాం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ నడక నా వొల్ల కాక నానే సేసినాను తల్లీ."