ప్రార్థన పెట్టె

చీరాలలో ఇప్పుడు ప్రార్థన పెట్టె లేని విశ్వాసుల ఇల్లు లేదు. మనిషి పనిలో ఉన్నా, మంచాన పడ్డా, అది ఆ మనిషి గొంతుతోనే దేవుణ్ణి అడుగుతూ ఉంటుంది. జబ్బు ముదిరి కెజియాకు మోకరించే ఓపిక పోయాక, ఆమె భర్త బాలకోటి కూడా ఒకటి కొనుక్కొచ్చాడు. అతనికి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. నమ్మిందల్లా కెజియానే.

ఆ ఉదయం అతను జావ కాస్తుంటే, వంటగది గోడకున్న పెట్టె రోజూలాగే ఆమె గొంతుతో మొదలుపెట్టింది. "ప్రభువా..." ఆ తర్వాత మాట మారిపోయింది. "నన్ను నెమ్మదిగా నీ సన్నిధికి చేర్చుకో."

గరిటె చేజారింది. ఆసుపత్రి రిపోర్టులు నేరుగా పెట్టెకే వస్తాయి, వాటిని బట్టే అది ప్రార్థన మారుస్తుంది. డాక్టరు ఇంకా నోరు విప్పని సంగతి అది చెప్పేసింది. బాలకోటి ఒక్క ఉదుటున దాన్ని గోడ నుంచి పెరికేశాడు.

"వినపడిందిలే కోటీ," అంది కెజియా గదిలోంచి. "దానికి నమ్మకం పోయిందేమోగానీ నాకు పోలా. పాత ప్రార్థన చెబుదామంటే ఆయాసం వస్తోంది. నీకొచ్చా?"

ఎందుకు రాదు? ఇన్నాళ్లూ అంట్లు తోముతూ, బియ్యం కడుగుతూ విన్నదే. మంచం పక్కన మోకరించి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ప్రభువా, నన్ను ముట్టి స్వస్థపరచు" అని పెట్టె అనేచోట, "నా కెజియాను" అన్నాడు.

వంటగదిలో జావ మాడు వాసన వేస్తోంది. కెజియా కళ్లు మూసుకుని ఆమెన్ కోసం ఎదురుచూస్తోంది.

ఆ మాట అంటే ప్రార్థన అయిపోతుంది. బాలకోటి గొంతు సవరించుకుని, "ప్రభువా" అంటూ మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.