చివరి అంకె

ఫోన్ నంబరు అడిగితే కాళి చివరి అంకె తొమ్మిదికి బదులు నాలుగు అని చెప్పింది.

కొత్తగూడలో వికలాంగుల పింఛను క్యాంపు అది. కూర్చోలేని, మాట్లాడలేని కొడుకు జైపాల్‌ను తండా నుంచి ఎత్తుకొచ్చింది. ఊపిరితిత్తులకు చీము పడుతున్నా ఇలాంటి పిల్లలు చెప్పుకోలేరని, రక్తపరీక్షలో ముందే తెలుస్తుందని నర్సు కల్యాణి, జావ పండబెట్టి తాగిస్తున్నట్టు అడిగి తెలుసుకొని, ఒక గొట్టం నిండా నెత్తురు తీసుకుంది.

జబ్బు బయటపడితే పిల్లల్ని వరంగల్ పట్టుకుపోయి మళ్లీ ఇవ్వరని తండాలో ఒకటే గుసగుస. నంబరే తప్పయితే ఎవరు పిలుస్తారు? కాళి నిశ్చింతగా ఇల్లు చేరింది.

పదో రోజు మిరప చేనుకు పోతూ, పిల్లవాణ్ణి లోపల ఉంచి తలుపుకు తాళం వేస్తుంటే ఒకతను వచ్చాడు. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

"జైపాల్ వాళ్లమ్మ ఇల్లు ఏదక్కా?"

కాళి తాళంచెవి గుప్పిట్లో దాచుకుంది. దవాఖాన వాళ్లే! నంబరు లేకున్నా పట్టేశారు.

"వాళ్లు మిర్చి ఏరనీకి ఖమ్మం దిక్కు పోయిన్రు."

లోపల జైపాల్ దగ్గాడు. అతను తాళం వైపు చూశాడు.

"ఆమె వస్తే జర చెప్పక్కా. పిల్లగాన్ని పండబెట్టి జావ తాపద్దట. ఊపిరితిత్తులలకు పోతున్నదట. జల్ది దవాఖానకు తోల్కపోవాల్నట."

మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేసింది. పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి వేసిన ఎత్తు అనుకుంది. ఆ పూట కూడా ఒళ్లో పండబెట్టే జావ తాగించింది.

వారం తిరగకముందే జైపాల్‌కు ఎగశ్వాస పట్టింది. మానుకోట దవాఖానలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఒక పక్క ఊపిరితిత్తి నిండిపోయిందని, ఆలస్యం చేశారని, ఏ మాటా చెప్పలేనని డాక్టరు అన్నాడు.

క్యాంపులో చూసిన కల్యాణి అక్కడే ఉంది. "రిపోర్టు సంగతి ఎప్పుడో చెప్పినం గదమ్మా," అంది.

కాళి ఏడుస్తూ అంతా ఒప్పుకుంది. మీరు పంపిన మనిషికి అబద్ధం చెప్పి తిప్పి పంపానంది.

"మేం ఎవర్నీ పంపలే. ఫోన్లనే చెప్పినం."

కల్యాణి రిజిస్టరు తీసి, అందులో ఉన్న నంబరుకు మళ్లీ చేసి స్పీకరు పెట్టింది.

అదే గొంతు.

"ఆ తల్లి దొరికిందా మేడం? మీకు మళ్ల చేస్తే ఎత్తలే. మీరు చెప్పిన తండా పేరు పట్టుకొని మూడు బస్సులు మారి పోయిన. ఆమె కలవలే."

కాళి మంచం పట్టె వదిలి ఫోన్ దగ్గరికి వచ్చింది.

"మీరు పిల్లగానికి ఏమైతరు?" అడిగింది కల్యాణి.

"ఏం కాను మేడం. మాది టేకుమట్ల. రాంగ్ నంబరని చెప్పేలోపే మీరు ఫోన్ పెట్టేసిన్రు."