కొయ్య ఫిరంగులు

ఓబెడ్, నీమీద కోపం ఏళ్ల తరబడి దిగమింగుకున్నాను. నీ ఓడకు నేను కెప్టెన్‌గా ఉన్నప్పుడు, సముద్రపు దొంగలు దూరం నుంచే చూసి బెదరాలని దుంగలకు నల్లరంగు పూసి ఫిరంగుల్లా బిగించాను. నాంటకెట్ రేవు దాటకముందే నువ్వు వాటిని పీకించేశావు.

"అవి పేలవు కదయ్యా!" అన్నాను.

"పేలితే హత్య, షుబేల్. పేలకపోతే అబద్ధం. రెండూ మా క్వేకర్ల మతంలో నిషిద్ధం" అన్నావు.

దొంగలు బెదురూ బెరుకూ లేకుండా ఓడ ఎక్కారు. నా తమ్ముణ్ణి ఈడ్చుకుపోయారు. ఈనాటికీ జాడ లేదు.

ఇప్పుడు నీ కొత్త ఓడకు నా కొడుకే కెప్టెన్. దొంగలు మళ్లీ తిరుగుతున్నారట. గాలి ఈల వేస్తే చాలు, నాకు తమ్ముడి కేక వినబడుతుంది. మళ్లీ దుంగలు చెక్కి, రంగు పూసి బండిలో రేవుకు తోలుకెళ్లాను. నా కొడుకు వాటిని బండి మీంచి దింపనివ్వలేదు.

"నాన్నా, నేనిప్పుడు క్వేకర్ని. వాటిని పొయ్యిలోకి వాడుకో" అన్నాడు.

నా మాట వాడికి గాలిమాట. నీ మాటే శాసనం.

ఎవరిముందూ తల వంచనివాణ్ణి, నిన్ను అడుగుతున్నాను. ఈ ఒక్క అబద్ధానికి వాడికి అనుమతివ్వు. గురువారం పోటుకు లంగరు ఎత్తుతారు. బుధవారం పొద్దుగూకేలోగా అవునో కాదో చెప్పు. మీ ప్రార్థనసభలోలా మౌనంగా కూర్చోకు.